చెప్పడానికి వెళ్ళిన మనిషి

మా వీధిలో రాక్షసి ఎవరని ఎవరినైనా అడగండి, నన్నే చూపిస్తారు. లాండ్రీ గుమ్మానికి అడ్డంగా స్కూటరు పెట్టినవాడికీ, జేబులో పెన్ను మరిచిపోయి చొక్కా ఇచ్చి ఆ సిరా మరక మా నిర్వాకమేనని దబాయించేవాడికీ నా నోటి సంగతి బాగా తెలుసు. నరికేస్తాననీ, తోలు వలిచేస్తాననీ రోజుకి ఎన్నిసార్లంటానో నాకే తెలియదు. కానీ ఇన్నేళ్ళలో ఎవరి మీదా చెయ్యి చేసుకున్నది లేదు. మొరిగే కుక్క కరవదని మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ నన్ను చూసే అనేది.

మా ఆయన సంగతి వేరు. ఇస్త్రీ బల్ల కింద బొద్దింక కనబడితే దాన్ని కాగితం మీదికి ఎక్కించుకుని వీధి చివరిదాకా వెళ్ళి వదిలొచ్చే మనిషి. చెప్పుతో ఒక్కటేస్తే పోయేదానికి ఆయన కాగితం కోసం షాపంతా వెతుకుతుంటే నాకు ఒళ్ళు మండేది. పాపకి రోజూ పొద్దున జడ వేసేది కూడా ఆయనే. నేను వేస్తే చిక్కు తీసేటప్పుడు అది వీధంతా వినబడేలా ఏడుస్తుంది. ఆయన వేళ్ళ కింద మాత్రం కూర్చున్నచోటే కునుకు తీస్తుంది. వీధిలో అందరికీ నేను అక్కని కాబట్టి ఆయన అందరికీ బావ అయ్యాడు. "మా అక్క నిప్పులు, మా బావ నీళ్ళు. అందుకే ఆ ఇల్లు తగలబడకుండా నిలబడింది" అని వీధి చివరి షెడ్డు మెకానిక్ వచ్చినప్పుడల్లా అంటుండేవాడు. నేను కూడా నవ్వేదాన్ని. అబద్ధం కాదు కదా అని.

మా షాపులో వెనక గోడకి ఒక అర ఉంది. ఎవరూ తీసుకెళ్ళని బట్టలు అందులో పడేస్తాం. ఇచ్చేటప్పుడు రేపటికల్లా కావాలని పీకల మీద కూర్చుంటారు. తీరా ఉతికి, ఇస్త్రీ చేసి, మడత పెట్టాక పత్తా ఉండరు. కొందరు ఇల్లు మారిపోతారు, కొందరు లావైపోతారు, కొందరు ఏకంగా పోతారు. ఏడాది దాటిన బట్టల్ని లేనివాళ్ళకి ఇచ్చెయ్యడం మా అత్తగారి కాలం నుంచీ ఉన్న పద్ధతి. అయితే ఒక నియమం ఉంది. ఏ బట్ట ఎవరిదో తెలియడానికి కాలరు లోపల ఎర్ర దారంతో చిన్న గుర్తు కుడతాం. ఇంటికో గుర్తు. లెక్చరరుగారికి అడ్డగీత, పాలబూత్ ఆవిడకి ఇంటూ మార్కు, మెకానిక్‌కి మూడు చుక్కలు. ఇచ్చేసే బట్టకి ముందు ఆ దారం విప్పాలి. గుర్తుతో బట్ట వేరేవాళ్ళ చేతిలోకి పోకూడదని ఆవిడ మరీ మరీ చెప్పేది.

ఆ మూటలాయన మొదటిసారి మా షాపు ముందుకి వచ్చింది వానలో. గూడ్సు షెడ్డులో మూటలు మోస్తాడు. తడిసి ముద్దయి, వీపు దగ్గర నిలువునా చిరిగిన బనీనుతో మా రేకు కింద నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే నేలంతా తడిసిపోతుందని రాలేదు. మా ఆయన వెళ్ళి వెనక అరలోంచి ఒక ఆకుపచ్చ గళ్ళ చొక్కా తీశాడు. మెకానిక్ ఎప్పుడో ఇచ్చి మరిచిపోయింది. అడిగితే "ఆ చొక్కానా, అదెక్కడ పడుతుంది నాకిప్పుడు" అని పొట్ట నిమురుకున్నాడు కూడా.

సరిగ్గా అప్పుడే హోటలు దుప్పట్ల కోసం వ్యాను వచ్చి నిలబడింది. అవి ఇంకా సగం కూడా మడత పెట్టలేదు. "దానధర్మాలు తర్వాత చేద్దురుగాని, ముందు దుప్పట్లు చూడండి" అని నేను అరిచాను. ఆయన చొక్కా అతని చేతిలో పెట్టి పరిగెత్తుకొచ్చాడు. మూటలాయన అక్కడే, రేకు కిందే, తొడుక్కున్నాడు. మెడదాకా అన్ని గుండీలూ పెట్టుకుని, ఫొటోకి నిలబడ్డట్టు నిలబడి, "ఎలా ఉందన్నా?" అని అడిగాడు. బాగుందని మా ఆయన చెయ్యి ఊపాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మా వీధిలో బట్టలు పోవడం మొదలైంది. డాబాల మీద ఆరేసినవి ఆరేసినట్టే మాయమవుతున్నాయి. ముందు ఒక తువ్వాలు, తర్వాత ప్యాంటు, తర్వాత పాలబూత్ ఆవిడ దుప్పటి. పోయిన వస్తువు చిన్నదే గానీ పోయిన తీరు అందరికీ గుచ్చుకుంది. ఎవరు ఎవరి ఇంటికొచ్చినా ముందు డాబా వైపు చూసేవారు. మెకానిక్ ఒక ఇనుపరాడ్డు షెడ్డు గుమ్మానికి ఆనించి పెట్టుకున్నాడు. "దొరకాలిగాని అక్కా, వాడి చేతులు తిరిగి బట్ట పట్టుకోవు" అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు లెక్చరరుగారు మా కౌంటరు దగ్గరే ఉన్నారు. కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. చెప్పడం మాత్రం ఇంకా రిటైరవలేదు.

"మనిషి అడవి జంతువేనమ్మా" అన్నారు. "పోలీసు, నలుగురేమనుకుంటారో అన్న భయం, ఈ రెండూ తీసెయ్యి. ఒకణ్ణొకడు పీక్కు తింటాడు. పైన ఉన్నదంతా ఇస్త్రీ మడత, అంతే."

మా ఆయన మామూలుగా పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పడు. ఆ రోజు చెప్పాడు. "అలా ఏం ఉండదండీ. ఎదుటివాడు ఏడిస్తే మన కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. అది మనకి ఏ పోలీసు నేర్పాడు?"

"మీ ఇద్దరిలో ఎవరిది నిజమైనా ఆ చొక్కాలకి గంజి పెట్టాల్సింది నేనే" అన్నాను. అందరం నవ్వాం. మా ఆయన మాట విని నాకు లోపల్లోపల గర్వంగా అనిపించింది. అది ఆయనతో అనలేదు.

అది జరిగింది పట్టపగలు, మధ్యాహ్నం. నేను కౌంటరు దగ్గర ఒకావిడ తెచ్చిన కర్టెన్లు సరిచూస్తున్నాను. మా ఆయన ఇస్త్రీ చేస్తున్నాడు. పాలబూత్ ఆవిడ ఆయాసపడుతూ వచ్చి గుమ్మం పట్టుకుంది.

"దొరికాడు దొంగ. మెకానిక్ చొక్కా తొడుక్కుని మెకానిక్ ముందునుంచే పోతున్నాడంట, ఎంత గుండె ధైర్యమో చూడు. ఆకుపచ్చ గళ్ళ చొక్కా. కాలరు తిప్పి చూస్తే మీ గుర్తే ఉందంట."

మా ఆయన నా వైపు చూశాడు.

"దారం విప్పలేదా?" అన్నాను.

"లేదు. దుప్పట్లు..." అని ఆగిపోయాడు.

ఇస్త్రీపెట్టె నిలువుగా పెట్టాడు. స్విచ్చి ఆపాడు. ఎంత తొందరలో ఉన్నా ఆ రెండూ మరిచిపోడు. "నేనే ఇచ్చానని చెప్పొస్తాను" అంటూ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు.

నేను నిశ్చింతగా ఉన్నాను. నిజం తెలిసిన మనిషి వెళ్తున్నాడు, అదీ మా ఆయన వెళ్తున్నాడు, ఇంకేం కావాలి? కర్టెన్లు సరిచూడడం పూర్తి చేశాను. ఒకదానికి కొక్కేలు తీయలేదని ఆవిణ్ణి నాలుగు మాటలన్నాను. చీటీ రాసిచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ చీటీ రాసిన చెయ్యి నరుక్కోవాలనిపిస్తుంది. తగ్గాల్సిన అరుపులు పెరగడం అప్పుడు విన్నాను.

మెకానిక్ షెడ్డు ముందు జనం గుండ్రంగా మూగి ఉన్నారు. అందరూ తెలిసినవాళ్ళే. ఒక్కొక్కరి వీపు చూసి ఎవరో చెప్పగలను, వాళ్ళ కాలర్ల లోపల ఉన్నవన్నీ నేను కుట్టిన గుర్తులే. మోచేతులతో తోసుకుని లోపలికి వెళ్ళాను. మూటలాయన మోకాళ్ళ మీద ఉన్నాడు. మెకానిక్ వెనకనుంచి అతని కాలరు పట్టుకుని ఉన్నాడు. అతని చేతులు రెండూ పక్కలకి వాలిపోయి ఉన్నాయి, ముఖం మీద రక్తం. ఎదురుగా మా ఆయన.

ఇంకా చెప్పలేదా ఏమిటి అనుకునేలోపు ఆయన చెయ్యి పైకి లేచింది. దిగింది. మళ్ళీ లేచింది.

ఆ ముఖం నేను ఎప్పుడూ చూడలేదు. కోపం కాదది. కోపం ఎలా ఉంటుందో నాకు తెలుసు, అది నా సొంత ఆస్తి. ఆయన నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. కళ్ళు మెరుస్తున్నాయి. ఇష్టమైన పనిలో మునిగిపోయిన మనిషి ముఖం అది.

"ఆ చొక్కా మేమిచ్చిందిరా" అని అరిచాను. "మా షాపులోంచి మేమే ఇచ్చాం. ఆపండి. ఆపండిరా, మీ చేతులు పడిపోను."

నా గొంతు గురించి అందరూ వేళాకోళం చేస్తారు గానీ ఆ రోజు అదే పనికొచ్చింది. ఒక్కసారిగా అన్నీ ఆగిపోయాయి. మెకానిక్ కాలరు వదిలేశాడు. మూటలాయన పక్కకి ఒరిగిపోయాడు. మా ఆయన తన చేతిని చూసుకుంటూ నిలబడ్డాడు.

పదిమంది చేతిలో పాము చావదంటారు. ఆ మాట అన్నవాళ్ళు మా వీధి చూసి ఉండరు. ఒక్క నిమిషంలో అందరికీ పనులు గుర్తొచ్చాయి. ఒకడు పొయ్యి మీద పాలు పెట్టొచ్చానన్నాడు. ఇంకొకడు ఏమీ అనకుండా తేలు కుట్టిన దొంగలా సందులోకి జారుకున్నాడు. మెకానిక్ మాత్రం నా వైపు చూసి, "ఆ మాటేదో ముందే చెప్పొచ్చుగా అక్కా" అన్నాడు. అది ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది.

అంబులెన్సుకి ఫోను చేసింది లెక్చరరుగారట, వాళ్ళ బాల్కనీలోంచి. అతన్ని ఎక్కించేటప్పుడు నేనూ పాలబూత్ ఆవిడా కాళ్ళ వైపు పట్టుకున్నాం.

షాపుకి వచ్చి షట్టరు సగం దించాను. మా ఆయన వెనక కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. బట్టల సబ్బుతో రుద్దుతున్నాడు, కడుగుతున్నాడు, మళ్ళీ రుద్దుతున్నాడు.

"చెప్పారా?" అన్నాను.

"లేదు."

"చెప్పడానికేగా వెళ్ళారు?"

"చెప్పడానికే వెళ్ళాను." నా వైపు తిరగలేదు. "నోటిదాకా వచ్చింది. ఈలోపు మెకానిక్ కాలరు తిప్పి, 'చూడు బావా, నీ గుర్తేగా ఇది' అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. ఆ కళ్ళు నువ్వు చూళ్ళేదు. నేనే ఇచ్చానంటే వాణ్ణొదిలి నా మీద పడేలా ఉన్నారు. అవును, మా గుర్తే అన్నాను. అంతవరకే అన్నాను. ఎవడో వెనకనుంచి, 'మరి చూస్తావేం బావా, నువ్వూ ఒకటెయ్యి' అని నన్ను ముందుకి తోశాడు. వేశాను. మొదటిది భయంతో వేశాను. ఒట్టు."

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. నా నోరు ఎప్పుడు ఊరుకుంది గనక?

"రెండోది?" అన్నాను.

కుళాయి కట్టేశాడు. చేతులనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"రెండోది బాగుంది" అన్నాడు.

నేను ఇస్త్రీ బల్ల పట్టుకున్నాను. ఆయన మెల్లగా, పాపకి లెక్క చెప్పేటప్పుడు మాట్లాడే గొంతుతోనే మాట్లాడుతున్నాడు.

"ఏం బాగుందో అడగొద్దు, నాకూ తెలీదు. తేలిగ్గా ఉంది. ఎన్నాళ్ళనుంచో మోస్తున్న బరువేదో దించినట్టు. వాడెవడో, నేనే చొక్కా ఇచ్చానని కూడా గుర్తులేదు. నువ్వు అరవకపోతే నేను ఆపేవాణ్ణి కాదేమో."

అబద్ధం చెప్పి ఉంటే తిట్టి, ఏడ్చి, కొన్నాళ్ళకి మరిచిపోయేదాన్ని. జనం తోసేశారనో, ఒళ్ళు తెలియలేదనో ఏదో ఒకటి అని ఉంటే నేనే దాన్ని ఇంకాస్త పెంచి నమ్మేదాన్ని. ఉన్నదున్నట్టు చెప్పి నాకు ఏ దారీ లేకుండా చేశాడు.

మర్నాడు పొద్దున పాప ఎప్పటిలాగే దువ్వెన పట్టుకుని ఆయన ముందు కూర్చుంది. దానికి ఏమీ తెలియదు. ఆయన వేళ్ళు దాని మెడ వెనక జుట్టుని మూడు పాయలు చేస్తున్నాయి. నేను గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను. అవే వేళ్ళు, అంతే మెత్తగా ఉన్నాయి. పాప కళ్ళు అప్పుడే మూతలు పడుతున్నాయి. ఇన్నేళ్ళూ ఈ వేళ్ళు నటించాయా, లేక నిన్న ఒక్కరోజు వేరే ఎవరివో అయిపోయాయా? గిన్నె కింద పెట్టి, వెళ్ళి పాప భుజం పట్టుకుని నా వైపుకి లాక్కున్నాను.

"అమ్మా, సగమే అయింది" అంది పాప.

ఆయన ఎందుకని అడగలేదు. దువ్వెన నా చేతికిచ్చి షాపు తెరవడానికి వెళ్ళిపోయాడు. మిగతా సగం నేను వేశాను. పాప స్కూలుకి ఏడుస్తూ వెళ్ళింది.

షాపు తెరిచీ తెరవకముందే లెక్చరరుగారు చొక్కాల సంచీతో వచ్చారు. మా ఆయన వెనక బట్టలు నానబెడుతున్నాడు. లెక్చరరుగారు గొంతు తగ్గించి నాతో అన్నారు, "అతని తప్పేం లేదమ్మా. గుంపులో పడ్డవాడు మనిషిగా మిగలడు. లోపల ఉన్నది బయటికొస్తుంది. నేను మొదట్నుంచీ చెబుతున్నదే కదా."

జాలి చూపిస్తున్నారు గానీ, పందెం గెలిచినవాడి గొంతు దాగదు. నాకు ఒళ్ళు మండింది.

"అందరిలోనూ ఉంటుందాండీ అది?"

"అందరిలోనూ."

"మరి మీరు కిందికి రాలేదేం? మొదట్నుంచీ బాల్కనీలోనే ఉన్నారుగా?"

ఆయన నేను రాసిచ్చిన చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. "మోకాళ్ళ నొప్పులమ్మా. మెట్లు దిగలేను." గుమ్మందాకా వెళ్ళి ఆగారు. "దిగగలిగితే ఏం చేసేవాణ్ణో నాకూ తెలీదు. ఆపడానికి దిగేవాణ్ణో, ఇంకా దగ్గర్నుంచి చూడ్డానికి దిగేవాణ్ణో." ఆయన పాఠం చెప్పకుండా వెళ్ళిపోవడం అదే మొదటిసారి.

మెకానిక్ మధ్యాహ్నం వచ్చాడు. నేను ఇస్త్రీ బల్ల దగ్గర ఉన్నాను. మా ఆయన పక్కనే మడతలు పెడుతున్నాడు. మెకానిక్ ఆయన వైపు చూడకుండా బల్ల మీదికి వంగి నాతో మాట్లాడాడు.

"పోలీసులొచ్చి వెళ్ళారక్కా. ఎవరో బయటివాళ్ళు బండ్ల మీద వచ్చి కొట్టి పోయారని అందరం ఒక్క మాట మీద ఉన్నాం. నిన్నడిగినా అదే చెప్పు."

"నేను చూసింది చెబుతాను" అన్నాను.

"చూసింది చెబితే మొదట బావ సంగతే చెప్పాలి మరి. ఆలోచించుకో." తర్వాత తేలిగ్గా నవ్వాడు. "అయినా ఇప్పుడేమైంది, చచ్చాడా? ఒక కన్నేగా పోయింది. మూటలు మొయ్యడానికి కళ్ళెందుకక్కా, వీపుంటే చాలదూ?"

కన్ను పోయిందని మాకు అప్పుడే తెలిసింది.

బల్ల మీద ఉన్న ఇస్త్రీపెట్టె నా చేతిలో పైకి ఎప్పుడు లేచిందో నాకు తెలియదు. దాని సెగ నా ముఖానికే కొడుతోంది. మెకానిక్ చెంప జానెడు దూరంలో ఉంది, నవ్వుకి కొంచెం ఉబ్బి ఉంది. దాని మీద పెడితే వచ్చే చప్పుడు కూడా నాకు ముందే వినబడింది. నోట్లో ఒక్క తిట్టు లేదు. అరవాలని కూడా అనిపించలేదు. లోపలంతా నిశ్శబ్దంగా, చల్లగా, ఎంతో హాయిగా ఉంది. రెండోది బాగుందని ఆయన అన్నది ఇదేనని తెలిసింది.

నా మణికట్టు మీద ఒక చెయ్యి పడింది. గట్టిగా పట్టుకుంది. ఇంకో చెయ్యి నా వేళ్ళలోంచి పెట్టెని విడిపించి, నిలువుగా పెట్టి, స్విచ్చి ఆపింది. మెకానిక్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. వెనక్కి నడుస్తూనే బయటికి వెళ్ళిపోయాడు.

మా ఆయన నా మణికట్టు వదల్లేదు. నిన్నటి చెయ్యే అది. నేను విదిలించుకోలేదు. నిన్న అక్కడ ఇలా ఎవరైనా ఒక్కరు ఆయన చెయ్యి పట్టుకుని ఉంటే అని అనుకున్నాను. పట్టుకోవాల్సినదాన్ని నేను కర్టెన్లు సరిచూసుకుంటూ కూర్చున్నాను.

"ఆస్పత్రికి వెళ్దాం" అన్నాడు ఆయన.

పొడుగాటి వార్డులో చివరి మంచం అతనిది. ఒక కంటికి, సగం తలకి కట్టు కట్టి ఉంది. ఒక చేతికి సెలైను గొట్టం. మంచం పక్కన ఎవరూ లేరు. మమ్మల్ని చూడగానే లేవబోయాడు.

"అన్నా, నువ్వొచ్చావా. వదినా, కూర్చో. అన్నకి కూడా ఆ స్టూలు లాగు."

మేం కూర్చోలేదు. ఎలా ఉందని అడిగాను. ఫర్వాలేదన్నాడు, ఒక కన్నుందిగా అన్నాడు. మా ఆయన మంచం కాళ్ళ దగ్గర, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"మీరిద్దరూ రాకపోతే నన్ను చంపేసేవాళ్ళన్నా" అన్నాడతను. "ఎవడూ మాట విన్లేదు. లాండ్రీ అన్న ఇచ్చాడు, వెళ్ళి అడగండి అని మొత్తుకున్నా. నేను తల కడుపులో పెట్టేసుకుని, రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నా. బరువులు మోసేవాణ్ణేగా, దెబ్బలు కూడా మొయ్యగలను, ఎంతసేపు కొడతారులే అనుకున్నా. అప్పుడు నీ కాళ్ళు కనబడ్డాయి. చెప్పుల్లేవు. తలెత్తి చూస్తే నువ్వే. అమ్మయ్య, చొక్కా ఇచ్చినాయన వచ్చేశాడు, ఇక భయం లేదు అని చేతులు తీసేశాను."

గుక్క తిప్పుకున్నాడు.

"అప్పుడే తగిలింది, ఇదిగో ఇక్కడ. ఎవడి చెయ్యో కనబళ్ళేదు. తర్వాత వదిన గొంతొకటే వినబడింది."

నేను మా ఆయన వైపు చూశాను. చెప్పడానికి వెళ్ళి చెప్పలేకపోయిన మనిషి మళ్ళీ చెప్పాల్సిన చోటే నిలబడ్డాడు. నిన్న నాకు ఆయన నోరు విప్పలేదని కోపం. ఇప్పుడేమో, వద్దు, చెప్పొద్దు, అతను నమ్ముతున్నదేదో నమ్మనివ్వండి, ఇంటికి పోదాం అని నాలోపల ఒక గొంతు గోల పెడుతోంది. అది ఇంకెవరిదో కాదు, నాదే. పాప ముఖం కళ్ళ ముందు తిరిగింది. అతనికి చెబితే పోలీసులకీ చెప్పినట్టేనని నాకు తెలుసు.

"నేనే" అన్నాడు మా ఆయన.

"ఏంటన్నా?"

"నీ కంటి మీద కొట్టింది నేనే."

అతను నవ్వబోయాడు. ఆయన ముఖం చూసి ఆగిపోయాడు. తర్వాత ఆ మిగిలిన కంటితో నన్ను చూశాడు, కాదని నేనంటానేమోనని. నేను తల దించుకున్నాను.

"ఎందుకన్నా?" అన్నాడు.

ఆయన దగ్గర జవాబు లేదు. ఉంటే దాచుకునే మనిషి కాదు. ఒక అడుగు ముందుకి వేసి, మంచం మీదికి చెయ్యి చాపాడు, కాళ్ళు పట్టుకోవడానికో, దుప్పటి సర్దడానికో.

మూటలాయన రెండు చేతులూ పైకి లేచాయి. ఒకటి గొట్టంతో సహా లేచింది. అతను వాటిని ముఖానికి అడ్డంగా పెట్టుకుని, తల కిందికి దించి, మంచం మీద ముడుచుకున్నాడు. అరవలేదు. దెబ్బ కోసం ఎదురుచూస్తున్నవాడిలా కదలకుండా ఉండిపోయాడు.

మా ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దాన్ని చంకలో దాచుకున్నాడు. నర్సు వచ్చి మమ్మల్ని వెళ్ళమనేదాకా అలాగే నిలబడ్డాడు.

పోలీస్ స్టేషన్ అక్కడికి దగ్గరే. నడిచే వెళ్ళాం. ఆయన ముందు, నేను వెనక. దారిలో ఆయన్ని వెనక్కి లాగాలని చాలాసార్లు అనిపించింది. ఒకసారి చొక్కా కొస పట్టుకున్నాను కూడా. ఆయన ఆగాడు, నేనే వదిలేశాను.

గేటు దగ్గర నా వైపు తిరిగాడు.

"రేపట్నుంచి పాపకి జడ నువ్వే వెయ్యాలి" అన్నాడు. "చిక్కు పైనుంచి తియ్యకు. కొసల దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి రా. జుట్టు పైన పట్టుకో, అప్పుడు దానికి నొప్పి తెలీదు."

సరే అన్నాను. ఆ చెప్పింది నేను ఇన్నేళ్ళూ ఎరిగిన మనిషి గొంతు. లోపలికి వెళ్ళినవాడు ఆయనేనా, షెడ్డు ముందు నిలబడ్డవాడా, ఆ ఇద్దరూ ఒకరేనా అని అడిగితే నేను చెప్పలేను. నా చేతిలో ఇస్త్రీపెట్టె లేచిన తర్వాత నా గురించే నేను చెప్పలేను.

మర్నాడు పొద్దున దువ్వెన తీసుకుని కొసల దగ్గరే మొదలుపెట్టాను. పాప మెడ బిగపట్టుకుని, భుజాలు పైకి లాక్కుని కూర్చుంది. సగం జడ అయ్యాక భుజాలు దించింది. ఏడవలేదు.